రెండు చలిమంటల నడుమ

బసవయ్య మామ పోయాడని పోయిన నెలలో కబురొచ్చింది. ఆయన మాకు చుట్టం కాడు, మా ఊరివాడూ కాడు. మాచవరం వైపు, సాగర్ కాలవ మీద ఉన్న ఒక ఊరికి ఒకప్పుడు పెద్ద. నా చదువు అయిపోయి ఇంకా ఉద్యోగం రాని రోజుల్లో, రెండు ఊళ్ళ జనం చూస్తుండగా, నా మొహం మీద ఒక మాట అన్నాడు. నన్ను మెచ్చుకున్నవాళ్ళ మాటలు చాలావరకు మరిచిపోయాను గానీ ఆయన అన్నది మాత్రం పొల్లు పోకుండా గుర్తుంది. కాబట్టి ఆయన పెద్దకర్మకి వెళ్ళడం నా విధి అనుకున్నాను.

మా ఆవిడ బస్సులో వెళ్ళమంది. ఈ వయసులో, ఈ మంచులో, నరసరావుపేట నుంచి అంత దూరం మోటార్ సైకిల్ మీద ఏమిటని కోప్పడింది. ఆమె చెప్పింది న్యాయమే. కానీ ఆ వైపు ఊళ్ళకి మా ఇంటి మగవాళ్ళు బస్సు దిగి నడిచి వెళ్ళిన రోజు లేదు. భూములు పోయాక కూడా లేదు. ఆ పద్ధతి నాతో మొదలుపెట్టడం ఇష్టంలేక తెల్లవారకముందే బండి తీశాను. హెల్మెట్ పెట్టుకున్నాను, అది చట్టం. దాని అద్దం మాత్రం పైకెత్తి ఉంచాను, అది మా ఇంటి చట్టం.

పిడుగురాళ్ళ దాటేదాకా సున్నపుబట్టీల పొగా మంచూ కలిసిపోయి దారి తెల్లగా ఉంది. బండి మీద వెళ్ళేవాడికి చలి ముందు మోకాళ్ళకి తగులుతుంది, తరవాత వేళ్ళకి, ఆ తరవాత ముక్కు వెనక ఎక్కడో పట్టుకుని కళ్ళలోంచి నీళ్ళు తెప్పిస్తుంది. పొలాల మధ్య చలి పొడిగా కోస్తుంది. కాలవ దగ్గరకొచ్చేసరికి అదే చలి తడిగా వచ్చి ఒంటికి అంటుకుంటుంది. కళ్ళకు గంతలు కట్టి తీసుకెళ్ళినా కాలవ ఎక్కడ వచ్చిందో చెప్పగలను. వంతెన మీద బండి ఆపి, బిగుసుకుపోయిన వేళ్ళని ఇంజను దగ్గర పెట్టుకున్నాను. వేడి ముందు గోళ్ళకి తెలిసింది. దాంతోపాటు మా నాయన చేతులు, ఆ చేతుల్లోని ఇనప తాళంచెవి, మా పాత ఇంట్లోని పత్తికట్టె పొగ వాసన, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

నేను పెరిగేనాటికి మా ఇల్లు సగమే ఇల్లుగా మిగిలింది. మా తాత దాయాదులతో ఒక గట్టు గురించి దావా వేశాడు. రాజీకి రమ్మని ఎందరు చెప్పినా వినలేదు. గుంటూరు కోర్టులో వాయిదా పడ్డప్పుడల్లా ఒక్కో పొలం చెక్క చేతులు మారింది. చివరికి ఆయన గెలిచాడు. గెలిచేనాటికి ఆ గట్టుకి ఏ వైపునా మాకు పొలం లేదు. దీన్ని ఊళ్ళో నవ్వులాటగా చెప్పుకునేవారు. నేను నవ్వలేను. న్యాయం తన వైపు ఉందని నమ్మిన మనిషి, ఖర్చెక్కువైందని సగంలో ఆగిపోతే, అప్పుడు నవ్వాలి. మా తాత ఆగలేదు. ఆ మొండితనం ఫలితంగా నేను ఏమీ లేనివాడిగా పెరిగాను, దానికి ఆయన మీద నాకు ఏనాడూ కోపం రాలేదు.

మిగిలిన సగం ఇంట్లో మేం నలుగురం. నాయనమ్మ, నాయన, అమ్మ, నేను. మేడ గదులకు తాళం. ధాన్యం గదిలో ధాన్యం లేకపోయినా గోడల్లోంచి జొన్నల వాసన పోలేదు. చలికాలం వస్తే నాయనమ్మ రాజ్యం వచ్చేది. కోడి కూయకముందే లేచి పొయ్యి మీద రాగి కాగు ఎక్కించేది. పత్తికట్టె గబుక్కున అంటుకుని గబుక్కున ఆరిపోతుంది, దాని ముందు నుంచి లేచే వీలుండదు. అందుకని పొయ్యి ముందు పీట మీద కూర్చునే ఇల్లంతా నడిపేది. ఎవరు ముందు నీళ్ళు పోసుకోవాలో, పాలవాడికి ఏమని చెప్పాలో, అన్నీ అక్కడి నుంచే. నువ్వులనూనెలో వెల్లుల్లి వేసి కాచి, బయటికి వెళ్ళేవాళ్ళ ఛాతీకి పామేది. పెనం మీద నుంచి తీసిన జొన్నరొట్టె, దాని మీద పండుమిరపకాయ పచ్చడి, పచ్చడి మధ్యలో గుంట చేసి వెన్న. చలికి ఒంటి మీది దుప్పటి కన్నా కడుపులోని కారం నయమని ఆమె సిద్ధాంతం. దుప్పట్లు పాతబడిపోయిన ఇంట్లో అది పనికొచ్చే సిద్ధాంతమే.

ఆ ఇంట్లో మా తాత కొన్న ఆఖరి వస్తువు మోటార్ సైకిల్. చుట్టుపక్కల ఊళ్ళు దాన్ని డుగడుగ బండి అనేవి. జీపు పోయింది, ఎడ్లు పోయాయి, ఇది మిగిలింది. చలికాలంలో అది మొండికేసేది. రాత్రి దానికి గోనెపట్టాలు కప్పి, వసారాలో గాలి తగలని మూల పెట్టేవాళ్ళం. పొద్దున దాన్ని స్టార్ట్ చేయడానికి నాయన ఒక నియమం పెట్టాడు. గేటు తలుపులు మూసి ఉండగా లోపలే లేపాలి. కిక్కు మీద కిక్కు కొడుతూ రొప్పే మనిషిని వీధి చూడకూడదు. కొన్ని రోజులు బండిని ఒక పక్కకి వంచి, పెట్రోలు వాసన వచ్చేదాకా ఆగి, మళ్ళీ నిలబెట్టి, లివరు నొక్కి, కిక్కుని మెల్లగా పైకి తెచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి తొక్కేవాళ్ళం. ఎన్నిసార్లో చెప్పను. ఇంజను నిలకడగా కొట్టుకోవడం మొదలయ్యాక నాయనమ్మ వచ్చి గడియ తీసేది. వీధి కంటికి మా బండి ఎప్పుడూ నడుస్తూనే బయటికి వచ్చేది. అది ఒక్క కిక్కుకే లేస్తుందని ఊరు నమ్మింది. కొందరు పెద్దవాళ్ళు ఇప్పటికీ నమ్ముతున్నారు, నేను కాదనను.

రెండో నియమం మొహం గురించి. ఎంత చలి ఉన్నా బండి మీద మొహానికి గుడ్డ చుట్టుకోకూడదు. మఫ్లర్ మెడ దాకానే. అమ్మ ఒకసారి నా కోసం ఊలు టోపీ అల్లింది, చెవులూ గడ్డమూ కప్పేది. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అల్లిక బాగుందని మెచ్చుకుని, అమ్మకి తిరిగిచ్చేశాడు. “మొహం దాచుకుని పోవాల్సిన పని మనమేం చేయలా,” అన్నాడు. పొలాలు అమ్ముకున్న ఇంటివాళ్ళు ఆ పొలాల పక్క నుంచే వెళ్ళాలి, అదే దారి. అప్పుడు తల దించుకున్నా, మొహం కప్పుకున్నా చూసేవాళ్ళకి ఒకటే అర్థం. అందుకని ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా, నిటారుగా కూర్చుని నడిపేవాడు.

ఇక తాళంచెవి సంగతి. మా ఊరికి ఐదారు మైళ్ళ దూరంలో కాలవ మీద రెండు ఊళ్ళు. పై ఊరు, కింద ఊరు అనే పిలుద్దాం. పై ఊరి పొలిమేరలో కాలవకి అడ్డంగా ఇనప షట్టరు ఉండేది. దాన్ని దించితే నీళ్ళు పై ఊరి పొలాలకు మళ్ళుతాయి. చక్రం తిప్పి ఎత్తితే కింద ఊరికి పోతాయి. నీళ్ళు తగ్గే కాలంలో ఈ చక్రం దగ్గర తలలు పగిలేవి. కాపలాకి లస్కరు ఉండేవాడు గానీ అంత పొడుగు కాలవ మీద ఒక్క మనిషి ఎక్కడని ఉంటాడు? చివరికి రెండు ఊళ్ళవాళ్ళు కూర్చుని, వారం ఒకరికి, వారం ఒకరికి అని వంతులు వేసుకున్నారు. చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టారు. చెవి ఈ ఊళ్ళోనూ ఉండకూడదు, ఆ ఊళ్ళోనూ ఉండకూడదు. వచ్చి మా నాయనకిచ్చారు. రాజీ పడక చెడినవాడి కొడుకు రాజీలు చేస్తున్నాడని మా ఊళ్ళో వెక్కిరించారు. నాకు మాత్రం ఛాతీ పొంగింది. పోయినవి పొలాలే, మా ఇంటి పేరు పోలేదు, అందుకే మా గడప తొక్కారు అని నాకు నేను చెప్పుకున్నాను.

వంతు మారే రోజున పొద్దుపొడుపు వేళకి నాయన షట్టరు దగ్గర ఉండాలి. తరచు నేను వెనక కూర్చుని వెళ్ళేవాణ్ణి. కాలవకి ఆ గట్టున పై ఊరివాళ్ళు, ఈ గట్టున కింద ఊరివాళ్ళు, ఎవరి చలిమంట వాళ్ళు వేసుకుని కూర్చునేవాళ్ళు. మంచులో ఆ రెండు మంటలు రెండు ఎర్రటి మచ్చల్లా దూరం నుంచే కనిపించేవి. నాయన బండిని నేరుగా షట్టరు మీది రాతి పలక దగ్గరికి తీసుకెళ్ళి ఆపేవాడు. అటువాళ్ళూ రమ్మనేవాళ్ళు, ఇటువాళ్ళూ రమ్మనేవాళ్ళు. టీ అనేవాళ్ళు, చుట్ట అనేవాళ్ళు. ఆయన ఏ మంట దగ్గరికీ వెళ్ళలేదు. ఎవరి టీ తాగలేదు. రెండు గట్ల నడుమ, ఎక్కువ చలి ఉండేది అక్కడే, బండి పక్కన నిలబడి ఇంజను రెక్కల దగ్గర చేతులు చాపి కాచుకునేవాడు. ఒకరి నిప్పు దగ్గర చేతులు కాచుకుంటే ఆ చేతులు చక్రం తిప్పేటప్పుడు అటే వంగుతాయని ఆయన లెక్క. ఇంజను వేడి చల్లారేలోగా మాటలు తెమలాలి. అదే ఆయన గడియారం. చల్లారిందంటే, ఇక చాలు అని తాళం తీసేవాడు.

ఒక ఏడు చలి విపరీతంగా పడింది. కింద ఊరికి నీళ్ళు వదలాల్సిన ముందురోజు సాయంత్రం నాయనకి జ్వరం వచ్చింది. వణుకుతూ మంచం పట్టాడు. మిరప తోటలు పూత మీద ఉన్న రోజులు. ఆ తడి అందకపోతే పూత రాలిపోతుంది, రాలితే ఆ ఏటికి కింద ఊళ్ళో కాయ ఉండదు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. తెల్లవారుజామున నాయన నన్ను పిలిచి తలగడ కింద నుంచి చెవి తీసి నా చేతిలో పెట్టాడు. ఏం చెప్పాలో, ఎవరితో ఎలా మాట్లాడాలో ఒక్క ముక్క చెప్పలేదు. ఇన్నాళ్ళూ వెనక కూర్చుని చూసినవాడికి చెప్పడమంటే అవమానించడమే అనుకున్నాడో ఏమో. నాయనమ్మ నా ఛాతీకి నూనె పామి, గేటు దగ్గర దీపం పట్టుకుని నిలబడింది. బండి లేవడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ ఒక్కసారి కూడా నిట్టూర్చలేదు. ఇంజను కుదురుకున్నాకనే గడియ తీసింది.

అంతకు ముందూ తరవాతా ఎన్నో చలికాలాల్లో బండి నడిపాను, అలాంటి చలి చూడలేదు. లైటు వెలుగు మంచుకి తగిలి నా మీదికే తిరిగి వస్తోంది. రోడ్డు కనబడక, పక్కనున్న పత్తిచేల అంచు చూసుకుంటూ నడిపాను. వేళ్ళకి క్లచ్ తెలియడం మానేసింది, చెయ్యి బరువుని బట్టి గేర్లు మార్చాను. కనుబొమల మీద మంచు నీళ్ళై కారింది. మెడ చుట్టూ ఉన్న మఫ్లర్ని కొంచెం పైకి లాక్కుంటే చాలు. చీకట్లో చూసేవాడెవడూ లేడు. లాక్కోలేదు. మా పాత పొలాలు ఒక్కొక్కటే పక్కనుంచి పోతున్నాయి. చీకట్లో కూడా ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నాకు తెలుసు. తల ఎత్తుకునే దాటాను.

రెండు మంటలు కనబడ్డాయి. బండి రాతి పలక దగ్గర ఆపాను. దిగితే కాళ్ళు నావి కానట్టున్నాయి. ఈ గట్టున కింద ఊరివాళ్ళ మంట దగ్గర ఆదెమ్మత్త లేచి నిలబడింది. మొగుడు పోయాక తన మిరపతోట తనే చేసుకుంటున్న మనిషి, ఆ ఊరి తరఫున మాట్లాడటానికి మగవాళ్ళు కూడా ఆమెనే ముందుకి తోసేవాళ్ళు. నా చేతులు చూసి, “ఏందిరా అబ్బాయ్, వేళ్ళు వంకాయలయినయ్. ఇట్టా వచ్చి కాచుకో,” అంది. అటు గట్టు నుంచి కూడా ఎవరో పిలిచారు. నేను పలక మీదే ఆగి, ఇంజను దగ్గర చేతులు చాపాను.

అప్పుడు అటు గట్టు నుంచి బసవయ్య మామ వచ్చాడు. భారీ మనిషి, కంబళి కప్పుకుని ఉన్నాడు. మీ నాయన ఏడని అడిగాడు. జ్వరమని, నన్ను పంపాడని చెప్పాను. అయితే ఈ వారం తాళం తీసేది లేదన్నాడు. ఒప్పందం మీ నాయనతో చేసుకున్నాం, మీ ఇంటితో కాదు, ఆయన లేచి వచ్చినప్పుడే వంతు మారుతుందన్నాడు. ఆయన్ని దుర్మార్గుడని నేను ఆనాడూ అనుకోలేదు. పై ఊళ్ళోనూ చివరి చెక్కలు ఇంకా తడవలేదు, వాళ్ళకీ మరో వారం నీళ్ళు దొరికితే మేలే. దొరికిన సందు వదులుకునే పెద్ద ఏ ఊళ్ళో ఉంటాడు? ఆదెమ్మత్త గొంతు పెంచింది. తన తోటలో పూత అప్పుడే తొడిమల దగ్గర పసుపుబారుతోందని, ఇంకో వారం ఆగితే చెట్టు పొయ్యిలోకే పనికొస్తుందని అంది. ఆమె వెనక మగవాళ్ళు కర్రలకోసం చూసుకోవడం నాకు కనబడింది. అటు గట్టువాళ్ళకి కూడా కనబడింది.

నేను చెవి పైకెత్తి చూపించి, ఇది మీ రెండు ఊళ్ళూ మా ఇంటికి ఇచ్చిన చెవి, మా ఇంటి మనిషిగా వచ్చాను అన్నాను. మా ఇల్లు అన్న మాట కొంచెం గట్టిగానే అన్నాను. బసవయ్య మామకి అది తగిలింది.

“ఇల్లు, ఇల్లు అంటన్నావ్,” అన్నాడు. “పెద్దింటోళ్ళని చూసి ఇచ్చామనుకుంటన్నావా అబ్బాయ్? ఈ కాలవ కింద తడుపుకోడానికి మీకు సెంటు నేల లేదు. అందుకిచ్చాం.”

అందరూ విన్నారు. ఇన్నాళ్ళూ ఛాతీ పొంగించుకున్నదంతా ఒక్క మాటతో నేల మీద పడేశాడు. బండెక్కి వెళ్ళిపోవచ్చు. చెవిని కాలవలోకి విసరొచ్చు. ఏది చేసినా ఆదెమ్మత్త తోట ఎండుతుంది, మా నాయన నిలబెట్టిన వంతు ఆ పొద్దుతో పోతుంది. ఇంజను మీద చేతులు తియ్యకుండా ఆయన మాటనే మళ్ళీ లోపల అనుకున్నాను. అందులో అబద్ధం ఎక్కడుందని వెతికాను. లేదు. అబద్ధం లేని మాటకి కోపం ఎందుకు?

“సరే మామా,” అన్నాను. “సెంటు లేనోళ్ళకే చెవి ఇవ్వాలంటే, మా నాయనకి లేని సెంటు నాకు మాత్రం యాడిది? ఆయన తరవాత ఆ లేకపోవడానికి వారసుణ్ణి నేనొక్కణ్ణే. ఇంకెవురున్నా చూపించు, చెవి వాళ్ళకిచ్చి పోతా.”

ముందు ఆదెమ్మత్త నవ్వింది. తరవాత అటు గట్టున ఎవరో నవ్వారు, ఎవరో సమాధానం చెప్పమని బసవయ్య మామని ఎగదోశారు. ఆయన నా మొహం చూశాడు, నా చేతులు చూశాడు, రెండు మంటల వైపూ చూశాడు. కంబళి తీసి పలక మీద పెట్టాడు.

“తియ్ తాళం,” అన్నాడు. “చక్రం చలికి బిగుసుకుని ఉంటది. నీ ఒక్కడివల్ల కాదు.”

తాళం నేను తీశాను. చక్రం ఇద్దరం తిప్పాం. ఆయన అరచేతులు ఇంకా వెచ్చగా ఉన్నాయి, నా చేతులకి తగిలితే తెలిసింది. షట్టరు మూలిగి, కదిలి, కింద నుంచి నీళ్ళు బుస్సుమని దూకాయి. వదిలినవాడు నీళ్ళ వెంటే పై ఊరి పొలిమేర దాటేదాకా వెళ్ళాలి, మధ్యలో ఎవరూ గండి కొట్టకుండా. అదీ నాయన పద్ధతే. బండిని గట్టు మీదికి ఎక్కించి మొదటి గేరులో, కాళ్ళు నేలకి రాస్తూ, నీళ్ళతో సమంగా నడిపాను. ఎండిన కాలవలో కొత్త నీళ్ళు పరిగెత్తవు. ముందు ఎండుటాకుల్నీ పత్తి దూదినీ నురగనీ తోసుకుంటూ, గుంటల దగ్గర ఆగి నింపుకుంటూ, ఆచితూచి నడుస్తాయి. ఎదురుగా పొద్దు పొడిచింది. మంచు ఎర్రబడి, విడిపోయి, రెండు పక్కలా మిరపతోటలు బయటపడ్డాయి. ఆదెమ్మత్త చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నీళ్ళకన్నా ముందు గట్టు వెంట పరిగెత్తింది, తన తోటలోకి నీళ్ళు మళ్ళే మడవ తీసుకోవడానికి. పొలిమేర రాయి దగ్గర నేను ఆగిపోయాను. అక్కణ్ణుంచి నీళ్ళు వాళ్ళవి.

ఇంటికి వచ్చేసరికి నాయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. బసవయ్య మామ అన్న మాట కూడా దాచలేదు, మా ఇంట్లో దాచే అలవాటు లేదు. ఆయన మొహంలో బాధ కనబడుతుందేమోనని చూశాను. కనబడలేదు.

“ఆ మాట బసవయ్యది కాదురా,” అన్నాడు. “నాది. వాళ్ళు చెవి తీసుకుని వచ్చిన్నాడు మీ ఇంటి పేరు చూసి వచ్చామన్నారు. వద్దన్నా. పేరు చూసి ఇస్తే ఆ పేరు నిలబెట్టుకోడానికి ఎవురో ఒకరికి వంగాల్సొచ్చిద్ది. నాకు సెంటు లేదని ఇవ్వండి, ఎవురికీ వంగనన్నా. ఆ షరతు మీదే పుచ్చుకున్నా.”

పొయ్యి ముందు నుంచి నాయనమ్మ వింటూనే ఉంది. పోయిన పొలం కూడా ఇట్టా పంట పండుద్దని తెలిస్తే మీ తాత ఇంకో రెండు చెక్కలు అమ్మి ఉండేవాడు అంది. నాయన అంతగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. నవ్వు దగ్గులోకి దిగేదాకా నవ్వాడు.

మొన్న పెద్దకర్మ అయ్యాక షట్టరు దగ్గరికి వెళ్ళి చూశాను. గొలుసు లేదు, చక్రమూ లేదు. చుట్టూ పొలాల్లో బోర్లు పడ్డాయి, ఎవరి మోటారు వాళ్ళది, ఎవరి నీళ్ళు వాళ్ళవి. తగువులు తీరిపోలేదు, తీర్చే మనుషులు మారారు. ఇప్పుడు తీర్పు చెప్పేవాడు ముందు రెండు వైపులా భోజనం చేస్తాడు, ఆ తరవాత ఎవరింట్లో కూర బాగుందో ఆలోచిస్తాడు. చలి కూడా మునుపటిలా లేదని అందరూ అంటారు. ఉంది. మనుషులే అన్ని వైపులా కప్పుకుని తిరుగుతున్నారు. నేను నరసరావుపేటలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను, అద్దె ఇంట్లో ఉంటాను. నా పేరు మీద ఈనాటికీ సెంటు భూమి లేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా మీకు పొలాలెక్కడండీ అని అడిగితే, లేవు అని చెబుతాను. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు నా వెన్ను తనంతట తనే నిటారవుతుంది. తాత ఖర్చుపెట్టాడు, నాయన దానికి విలువ కట్టించాడు, నేను అందుకున్నాను. ఇంతకన్నా ఆస్తి పంచి ఇచ్చిన ఇల్లు మా చుట్టుపక్కల నాకు తెలియదు.

ఆ ఏడు మళ్ళీ వంతు మారే నాటికి నాయన జ్వరం తగ్గింది. ఆ తెల్లవారుజామున నేను బండి లేపి, ఆయన కోసం హ్యాండిల్ పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆయన వచ్చాడు, బండి చుట్టూ తిరిగాడు, వెనక సీటు ఎక్కి కూర్చున్నాడు. నాయనమ్మ గడియ తీసింది. వెనక కూర్చోవడం ఆయనకి అలవాటు లేదు, నా భుజం పట్టుకోకుండా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని తాసిల్దారు కచేరీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఊరి చివర టీ హోటల్ దగ్గర చలి కాచుకుంటున్నవాళ్ళు బండి చప్పుడికి లేచి నిలబడి దణ్ణాలు పెట్టారు. ఎప్పటిలా ఆయనే తలూపుతాడని నేను రోడ్డు చూస్తూ నడుపుతున్నాను. వెనక నుంచి, నా ఒక్కడికే వినబడేట్టు అన్నాడు.

“తలూపు. బండి నడిపేవాడికే దణ్ణం.”